ఇరుసు బెజ్జం

జొన్నగిరి క్రాసులో నాది పంక్చరంగడి.
తొలకరి రెండు జల్లులు పడితే చాలు
యాడాడి బండ్లో వచ్చి నిలబడతాయి.
పిల్లాజెల్లా, సద్దిమూటలు, చిరిగిన గొడుగులు.
ఎర్రసేలల్లో నడుములు వంచి
వజ్రం కోసం నేలను చదువుతారు,
అక్షరం రానోళ్లు కూడా.

మా నాయన మౌనాచారి బండిగాన్లు చేసేవాడు.
పన్నెండాకుల గాను, తుమ్మకొయ్య.
కాల్చిన ఇనపపట్టా తొడిగి నీళ్లు పోస్తే
వీధంతా ఆవిరి.
ఆయనకొకసారి దొరికింది,
కందిగింజంత.
సేటు గుప్పిట్లోకి పోయింది,
నాలుగు మూటల వడ్లకు, ఒక పాత రేడియోకు.
ఆ పొద్దు నుంచి సచ్చేదాకా
బాడిశ పక్కన పెట్టి
దాని అసలు ధర గుణించుకుంటానే ఉన్నాడు.
ఆ గుణకారమే నాకొచ్చిన ఆస్తి.
పదకొండు తొలకర్లు నేనూ వంగినా.

పోయిన మాఘంలో సువార్తమ్మ టీచరు
ఎర్రగుడి బండల కాడికి పిల్లోళ్లను సైకిళ్ల మీద తోలుకొచ్చింది.
ఒకని గాను వంకరపోయి
నా అంగడి ముందర ఆగినారు.
"ఆ బండల మీద రాత చూసినావా అన్నా?
ఒక వరుస ఇట్లా పోయి, ఇంకో వరుస అట్లా తిరిగొస్తాది,
మడక తిప్పినట్టు."
చిన్నప్పుడు వాటి మీంచి జారి
నిక్కరు చింపుకున్నోణ్ణి, రాత యాడ చూస్తా?

నా సుద్దముక్క తీసుకోని
నేల మీద గాను గీసింది, ఎనిమిదాకులు.
బుద్ధునిదంట.
"ఎనిమిదికి బరువాగదమ్మా, మా నాయన పన్నెండు ఏసేవాడు" అన్నా.
పిల్లోళ్లు నవ్వినారు, ఆమె కూడా నవ్వింది.
తర్వాత అడిగింది,
"దుఃఖమంటే ఏందో తెలుసా?"
తెలీకేం అన్నా.
"అది కాదు, మాట సంగతి.
ఖ అంటే బెజ్జం, ఇరుసు దూరే బెజ్జం.
అది సరిగ్గా కుదరకపోతే దుఃఖం.
కొందరు పెద్దలు అట్లా విడదీస్తారు."

నా చేతిలో స్పోకు తాళం ఆగిపోయింది.
ఉలి జారిన రోజు నాయన నా చెవి మెలేసి అన్నమాట:
"నూలుపోగంత పక్కకు పోతే చాలురా,
ఎద్దు మెడకు తెలుస్తాది,
బండెక్కినోని నడుముకు తెలుస్తాది,
గానుకే తెలీదు."

నాకు తెలిసింది నేను చూపించినా.
గానును తిప్పి, పక్కన సుద్ద పట్టుకోవాల.
చెయ్యి కదలగూడదు. నెట్టగూడదు.
బాగున్న చోట సుద్ద తగలదు,
వంకరున్న చోట తెల్లగా గీత పడతాది.
గానే తన తప్పు తాను రాసుకుంటాది.
సైకిలు పిల్లోడు అడిగినాడు,
"చెయ్యి వణికితే?"
టీచరు వాని తల నిమిరి
డబ్బులిచ్చి పోయింది.

ఆ రాత్రి అంగట్లోనే పడుకున్నా.
తల తిరుగుతాంది. సేటు ఉంగరాలు,
నాయన నల్లని గోర్లు, లక్షలు, కోట్లు.
నెట్టకుండా పట్టుకున్నా, లోపల ఒక సుద్దముక్కను.
వజ్రం దగ్గర తగల్లేదు.
సేటు దగ్గర గూడా తగల్లేదు.
తగిలిన చోటు వేరే:
పోతా పోతా నాయన నీళ్లడిగినాడు,
చెంబు చేతిలోనే ఉండాది,
"ఏ సేన్లో నాయనా, ఏ గట్టు కాడ?"
అని అడిగినా నేను.
ఆయన దప్పి ఒకటి, నా దప్పి ఒకటి.
చెంబులో నీళ్లు అట్లనే ఉన్నాయి.

ఈ తొలకరికి కాళ్లు వాటంతటవే లేచినాయి.
లేస్తాన్నాయని తెలిసింది, అంతే తేడా.
పోయినా కూడా, అబద్ధమెందుకు.
మధ్యాన్నం దాకా వంగినా.
తళుక్కుమంటే తీసినా, సీసాపెంకు.
ఎవరి టైరుకన్నా దిగుతాదని
జేబులో ఏసుకోని వచ్చినా.

అంగడి కాడ ఇద్దరు కాచుకోని ఉండారు.
గాను తిప్పినా.
ఈపక్క బిగిస్తే ఆపక్క వదులైంది.
మళ్లా సుద్ద కోసం
చెవి వెనక తడుముకున్నా.