ఒక్క వరుస

టెరాబైటు డిస్కు ఇరవై రోజులకే నిండిపోతోందని
చీమకుర్తి నుంచి ఫోను.
"ఏందమ్మా ఇది, కొత్త డిస్కు గూడా తినేసింది.
దీని కడుపులో యాడన్నా చిల్లుందేమో చూడు,"
మేనేజరు కోటిరెడ్డి.

సంతనూతలపాడు దాటాక
బస్సు కిటికీ మీద తెల్లదుమ్ము మొదలు.
నల్లరాయిని కోస్తే తెల్లగా ఎందుకు రాలుతుందో
ఎన్నిసార్లు వెళ్ళినా నాకు కొత్తే.

ఆఫీసంటే రేకుల షెడ్డు.
పక్కనే గ్యాంగ్‌సా రంపాలు నీళ్ళు తాగుతూ కోస్తున్నాయి.
టేబుల్ మీద గ్లాసులో టీ వణుకుతోంది.
మౌసు కూడా.

ముందు ఫోటోల్ని అనుమానించాను.
పలక పలకకీ ఒక ఫోటో, నలుపులో బంగారు రవ్వలు,
ఎన్ని వేలో.
అవి తీసినరోజు తీసినట్టే ఉన్నాయి,
కదలని ఫైలు జోలికి బ్యాకప్ పోదు.
తర్వాత కెమెరాల్ని. వాటికి వేరే పెట్టె ఉంది.
తర్వాత, చెప్పకూడదు గానీ,
కోటిరెడ్డిగారి మనవడి సినిమాల్ని.
ఉన్నాయి. నాలుగే.

రాత్రి రెండింటికి మొదలై
తెల్లవారుజాము దాకా నడుస్తోందని లాగ్ చెబుతోంది.
రోజుకి నలభై ఎనిమిది జీబీ.
నిన్నా అంతే, మొన్నా అంతే,
ఆదివారం మాత్రం ఏమీ లేదు.
దొంగ వారానికో రోజు సెలవు పెడుతున్నాడు.

దాచిన ఫోల్డర్లన్నీ తెరిచి
పెద్దవి పైకొచ్చేలా పేర్చాను.
దొరికింది ఒక్కటే ఫైలు.
ఫైలు కూడా కాదు, ఒక కంప్యూటరు.
ఎప్పుడో చచ్చిపోయిన పాత మిషన్ని
దాని తెరమీది పచ్చగడ్డి కొండతో సహా
కొత్తదాంట్లోకి ఎత్తి పెట్టారెవరో,
కాపురం మారేటప్పుడు
మట్టిపొయ్యిని కూడా బండెక్కించినట్టు.

"అది నాదేనమ్మా," అన్నాడు గుమాస్తా మాలకొండయ్య.
"నా అక్షరాలు దాంట్లోనే పలుకుతయ్.
కొత్తదాంట్లో తెరిస్తే కోడి కెలికినట్టొస్తది."

షిఫ్టు దిగాక తెరుస్తాడట.
ఒక్క వరుస కొడతాడట.
మూస్తాడట.

అంతే.
ఒక్క ఇటుక కదిలిందని
రాత్రి రెండింటికి ఇల్లు మొత్తం మోస్తోంది బ్యాకప్,
గోడలూ దూలాలూ తలుపు గొళ్ళేలూ.
ఏ ఇటుకో దానికి తెలీదు.
తెలుసుకోమని ఎవరూ చెప్పలేదు.

చూపించమన్నాను.
తేదీ. పక్కన,
ఈ రోజు దెబ్బలు ఏమీ లేవు.
మళ్ళీ తేదీ. ఈ రోజు దెబ్బలు ఏమీ లేవు.
పైకి జరుపుతూ పోయాను, వేలు నొప్పి పుట్టేదాకా.
అట్టడుగున కాదు, అన్నిటికంటే పైన,
క్రేను గొలుసు తెగిన రోజు.
అక్కడ వాక్యం లేదు, పేరుంది.
సుదామ్ నాయక్, గంజాం జిల్లా.
వయసు దగ్గర ఖాళీ.

"పుస్తకంలో రాయనియ్యరమ్మా."
మేనేజరు గది వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి,
"ఇందులో అయితే ఎవురూ చూడరు గదా."

ఎవరూ చూడని చోటినుంచి
ఇరవై రాత్రులు ఇరవై నకళ్ళు తీసింది డిస్కు,
ఒక్కటీ చదవకుండా.

కోటిరెడ్డిగారికి చెప్పాను,
"పాత ఫైలొకటండీ. వారానికోసారి దాస్తే చాలు."
అబద్ధం కాదు.
మాలకొండయ్యకి ఒక చిన్న ఫైలు చేసిచ్చాను,
ఏ మిషన్లోనైనా పలికే అక్షరాలతో.
మీటలు మారాయి కదా,
ఒక్క వేలితో వెతుక్కుంటూ
ఆ సాయంత్రం వరుస కొట్టడానికి
పావుగంట పట్టింది.
రంపాలు ఆగేదాకా నేనూ కూర్చున్నాను.

పొద్దున్నే ఫోను.
"పది ఎంబీ గూడా లేదమ్మా! ఏం మంత్రమేశావు?"

పది ఎంబీలో మాలకొండయ్య వరుస ఎంతో లెక్కగట్టాను.
తేదీతో కలిపి డెబ్బై రెండు బైట్లు.
ఆఖరి రెండు మాటలూ రాయలేని రోజొస్తే
ఇంకాస్త తగ్గుతుంది.