చల్లారాక

నతేలా మళ్ళీ వచ్చింది.
వెండి రంగు ఓపెల్, వెనక సీట్లు పీకేసి
ఉప్పునీళ్ళ చీజు డబ్బాలు పేర్చుకునే బండి.
దిగుతూనే గుడ్డసంచీ నా బల్లమీద బోర్లించింది.
రెండు ఆక్సిజన్ సెన్సర్లు, నాలుగు ప్లగ్గులు,
ఒక గాలి మీటరు, ఇంకేదో రబ్బరు మోచెయ్యి.
పాత చీటీలన్నీ మోసుకుని
కొత్త డాక్టరు దగ్గర కూర్చున్న మనిషిలా
"ఇవన్నీ మార్చారు వాలేరికో,
దీపం మాత్రం మారలేదు" అంది.

డాష్‌బోర్డు మీద ఆ దీపం ఉండే చోట
నల్ల టేపు ముక్క.
గోటితో అంచు లేపి చూశాను.
కింద పసుప్పచ్చగా వెలుగుతూనే ఉంది,
ఎవరూ చూడకపోయినా.

తనిఖీ కేంద్రం రెండుసార్లు తిప్పి పంపింది.
ఈసారి జరిమానా తప్పదట.

స్కానర్ తగిలిస్తే అదే పాట:
పీ, సున్నా, ఒకటి, ఏడు, ఒకటి.
మిశ్రమం పలచన. గాలెక్కువైంది, పెట్రోలు చాలట్లేదు
అని సెన్సరు మొర.
మొరపెట్టినవాణ్ణే మార్చేశారు అందరూ.
కొత్తగా వచ్చినవాడూ అదే అన్నాడు.
వాణ్ణీ మార్చారు.
అప్పటికైనా అనుమానం రావద్దూ,
వీడు అబద్ధమాడట్లేదేమోనని?

నేనూ ఏం తక్కువ తినలేదు.
మొదటిసారి కోడ్ చెరిపేసి పంపాను. నాలుగు రోజులు.
రెండోసారి గొట్టాలన్నీ తడిమి బిగించి పంపాను.
తొమ్మిది రోజులు.
ఎప్పుడూ మధ్యాహ్నమే వచ్చేది,
సరుకంతా అమ్ముడయ్యాక,
ఇంజను పొయ్యిమీది పెనంలా కాలుతుండగా.
ఎప్పుడు చూసినా ఏ తప్పూ లేని బండి.
మా అమ్మకీ అంతే,
డాక్టరు ముందు కూర్చోగానే దగ్గు ఆగిపోయేది.

అందుకని ఈసారి తాళాలు అడిగాను.
"రాత్రికి వదిలెయ్. చల్లారాక చూస్తాను."
"మరి నా చీజు?"
"బేకా వ్యానులో దింపుతాడు."
ఇష్టం లేకుండానే ఇచ్చింది,
తాళాలకి వేలాడే సీసపు చేపతో సహా.

ఫిబ్రవరి. తెల్లవారి ఐదున్నర.
కుతాయిసీ ఇంకా లేవలేదు.
రియోనీ మీంచి తేమ
షట్టరు సందులోంచి పాకి వస్తోంది.
బానెట్ ఎత్తి, రేడియో ఆపి,
వినిపించే చెవి, ఎడమది, ఇంజను మీదికి వంచి
బేకాకి చెయ్యి ఊపాను: తిప్పు.

టిక్ టిక్ టిక్.
కొయ్యలో పురుగు తొలుస్తున్నట్టు.
ఒక నిమిషం. రెండు.
మూడోదానికి సన్నబడింది.
నాలుగో నిమిషానికి లేదు.
ఆపెయ్, ఆపెయ్ అని అరిచాను.

మళ్ళీ చల్లారడానికి మూడు గంటలు పట్టింది.
ముందు సీట్లో బేకా గుర్రు.
అప్పుడు పొగ యంత్రం గొట్టం
సైలెన్సర్ మూతిలో దోపి, చుట్టూ గుడ్డలు కుక్కి,
టార్చి పట్టుకుని కూర్చున్నాను.
నిప్పు లేనిదే పొగ రాదంటారు.
నాకు కావలసింది నిప్పులేని పొగే.
మూడో సిలిండరు మెడ కింద
వేడి రేకు చాటున
వెంట్రుకంత పగుల్లోంచి
ఒక్క తెల్లదారం లేచి నిలబడింది.

చల్లగా ఉన్నంతసేపూ అది తెరుచుకుని
బయటి గాలి తాగుతుంది.
సెన్సరు ఆ గాలినే చూసి కేకేస్తుంది.
ఇనుము కాలి ఉబ్బగానే
పెదవులు బిగించుకుంటుంది.
మేమందరం, ఇంతమంది మెకానిక్కులం,
అది నోరు మూసుకున్నాకే
ఏమైందని అడుగుతూ వచ్చాం.

తుక్కు బజార్లో మానిఫోల్డు ఒకటి దొరికింది,
బేరమాడి సగానికి తెచ్చాను.
తనిఖీలో పాసు.
నతేలా టేపు పీకేసింది. గాజు మీద జిగురు మరక
నాలుగు పలకలుగా మిగిలిపోయింది.

పది రోజులకి ఫోను. ఆమె పేరు చూడగానే
కడుపులో ఏదో జారింది.
"వెలిగిందా?"
"లేదు. అదే గొడవ.
వెలుగుతుందేమోనని దాన్నే చూస్తూ
వానీ మలుపు దాటిపోయాను ఇవాళ.
ఆ టేపు ఇంకో ముక్క ఉందా నీ దగ్గర?"