ఖాళీ వదిలిన మొదటి పంక్తి

కాశీబుగ్గ మెయిన్ రోడ్డు మీద, మెడికల్ షాపు మేడ పైన
వకీలు పొట్నూరి విశ్వేశ్వరం గారి ఆఫీసులో
పొద్దున్నించీ ఒకే దావా కొడుతున్నాను.
వాది: సేనాపతి గున్నయ్య, యాభై ఏడేళ్లు, జీడి వ్యాపారం.
ప్రతివాది: సింగపూరులో ఒక పదకొండో అంతస్తు.
మనిషి పేరు లేదు, కంపెనీ పేరుంది.
దావా విలువ, దస్తావేజుల జాబితా, సంతకాల చోటు
అన్నీ అయ్యాయి.

మొదటి పంక్తి ఒక్కటే మిగిలింది.
"శ్రీయుత ............ కోర్టు వారి సముఖమునకు"
ఆ చుక్కల దగ్గర కర్సరు
జ్వరమొచ్చిన పిల్లాడి రెప్పలా కొట్టుకుంటోంది.

గింజ పుట్టింది బెనిన్‌లో.
బేరం తెగింది ఫోన్లో, రాత్రి పదిన్నరకి,
గున్నయ్య గారు పెరుగన్నం కలుపుతూ
ఎడం చేత్తో "ఓకే" అని పంపినప్పుడు.
ఓడ మీద జెండా పనామాది,
ఆ ఓడ పనామా మొహం చూసిందో లేదో.
సరుకు దిగింది విశాఖలో, మూతి విప్పింది పలాసలో.
విప్పగానే వాసన:
నానిన గోనె, మురిగిన నూనె, ఇంకేదో
పేరు పెట్టలేనిది.

"ఎక్కడ పాడైందన్నది తేలాలి" అన్నారు వకీలు గారు.
ఏ సముద్రం మీద, ఏ రాత్రి
కంటైనరు కప్పుకి చెమట పట్టి
మొదటి చుక్క మొదటి బస్తా మీద రాలిందో,
ఆ చుక్కది ఏ తాలూకా?

"డబ్బు పోయింది ఇక్కడండీ"
జేబు మీద చెయ్యేసి చూపించాడు గున్నయ్య గారు.

ఏడో పేజీ, ఇరవై మూడో షరతు,
చీమ తలకాయంత అక్షరాలు:
తగాదాలన్నీ సింగపూరు కోర్టులకే.
సంతకం మీదేనా? నాదే.
చదివారా?
కాసేపు ఫ్యానొక్కటే మాట్లాడింది.

ఇక్కడ వేస్తే, మమ్మల్ని పిలవడానికి మీరెవరంటారు.
ఆ ఒక్క ముక్క మీదే మూడేళ్లు.
గింజ మంచిదా పుచ్చా అని
అడిగే నాథుడుండడు.
ఆఖరికి కాగితం తిప్పి చేతిలో పెడతారు,
"తగిన కోర్టులో దాఖలు చేసుకొనుటకు వాపసు."
పోనీ ఇక్కడే గెలిచాం అనుకో,
ఆ తీర్పు చంకన పెట్టుకుని అక్కడికే పోయి
బాబూ ఇదీ తీర్పేనని ఒప్పించాలి.
అక్కడే వేద్దామా? అక్కడి వకీలు ఒక్క పూట మాటకి
మన బట్టీ నెల్లాళ్లు మండాలి.

మా అమ్మమ్మది ఒడిశా గట్టున ఊరు.
మహేంద్రతనయ అటు పోయి, ఇటొచ్చి, మళ్లీ అటు పోతుంది.
నీదే రాష్ట్రమని దాన్నెవరూ ఆపి అడగలేదు.
నీళ్లకి ఇరవై మూడో షరతు లేదు కదా
అనుకుంటూ ఆ చుక్కల్ని ఇంకోసారి లెక్కపెట్టాను.
పన్నెండు.

మూడు గంటలకి మెట్లెక్కి వచ్చింది బొడ్డ తౌడమ్మ.
గున్నయ్య గారి షెడ్డులో పొట్టు తీసే మనిషి.
ఆయన్ని చూసి కూడా వెనక్కి తగ్గలేదు.
"పదిహేడు రోజుల కూలి బాబూ.
ఓడ తగువు తెగితే గానీ ఇవ్వనన్నారు.
ఆ తగువు ఏ ఊర్ల తెగుతాదో సెప్పండి,
నానెల్లి అడుగుతాను.
నానేటి, ఆ ఓడ ఎక్కినానా?"

గున్నయ్య గారు గోడ మీది క్యాలెండరు చదవడం మొదలెట్టాడు.
"నేను ఆయన వకీల్ని తల్లీ" అన్నారు విశ్వేశ్వరం గారు,
అని, నా వైపు చూడకుండా టీకి లేచారు.
గున్నయ్య గారూ వెనకాలే దిగారు.

నేను కొత్త పేజీ తెరిచాను.
మొదటి పంక్తి దగ్గర చెయ్యి ఆగలేదు:
కార్మిక అధికారి గారికి, పలాస.
ఇక్కడికి రెండు వీధులు.
ఆవిడ నడిచి పోగలదు.

ఆగింది కింద, ఆధారాలు అన్న చోట.
మస్టరు లేదు, చీటీ లేదు,
ఆవిడ పేరున్న కాగితం ఆ షెడ్డులో ఎక్కడా లేదు.
ఏముంది అంటే, చేతులు చాపింది.
జీడి పాలు తిన్న వేళ్లు,
బూడిద అద్దినా మానని నలుపు.

సంతకం రాదంది.
స్టాంపు ప్యాడు తీసి బొటనవేలు వేయించాను.
మళ్లీ వేయించాను.
రెండుసార్లూ నల్లటి గుండ్రమే పడింది,
లోపల ఒక్క గీత లేకుండా.