ఉల్టా బండి

మా ఇంటి దూలం రైలు పట్టా.
గోడలకు దూరిన కొసన
ఏదో సంవత్సరం పోతపోసి ఉంటది,
ముందటి రెండు అంకెలే కనబడ్తయి.

పాలమూరు గూడ్సు షెడ్డు కాడికెళ్లి
పల్లీనూనె మిల్లు దాక
మైలుకు జరంత ఎక్కువ. అంతే దాని దేశం.
టైంటేబుల్ల పేరు లేదు, టికెట్టు లేదు.
మిల్లుల ఇంజను మళ్లే జాగ లేక
పోయేటప్పుడు డబ్బాలను ముందటేసుకొని నెట్టేది,
వచ్చేటప్పుడు ఎనకడుగులేస్తు గుంజుకొచ్చేది.
ఉల్టా బండి అన్నరు గల్లీ పోరలు.

దాని ముందట ఖాసిం సాబు నడిచేటోడు,
చేతిల ఎర్రగుడ్డ, నోట్లె ఈల.
మేకలను, రిక్షాలను, ఎవలో ఆరబోసిన మిరపకాయలను
పట్టాల మీదికెళ్లి జరుపుకుంట.
ఒకపారి ఆయన కాలికి ముల్లు ఇరిగితే
అది తీసేదాక
ఇంజను నిలబడ్డది, పొగ మింగుకుంట.

మా అమ్మ కురుమమ్మది ఊడ్పు పని.
డబ్బా ఖాళీ అయినంక చీపురు తోటి ఎక్కేది,
పలకల సందుల ఇరికిన పల్లీలను
దబ్బనం తోటి తీసేది.
గుమాస్తా సిద్రామప్ప చూస్తే సగం,
చూడకుంటే కొంగు నిండ.

కరువేడు పల్లీ రాలే.
మిల్లుకు తాళం.
ఖాళీ డబ్బా ఒకటి మూడు నెలలు పట్టాల మీదనే ఉన్నది.
దాన్ల ఎవలో కాపురం పెట్టిన్రు.
నేను దాన్లనే పుట్టిన.
అమ్మ చెప్పలే, మేనత్త చెప్పింది.

పెద్ద లైను ఆ ఏడు గూడ ఆగలే.
తట్ట పార తోటి మనుషులను నింపుకొని
బొంబాయి తొవ్వ పట్టింది.
ఉల్టా బండి ఎన్నడు
ఒక్క మనిషిని తీస్కపోలే.
అందుకే కావచ్చు, దాన్ని ఎవలు తిట్టలే,
ఎవలు రాసుకోలే.

మీటరు పట్టాలు తీసి పెద్దయి ఏసిననాడు
మిల్లు దాక మార్చాలని ఏ కాయితంల లేదు.
పాత పట్టాకు కొత్త పట్టాకు
మూరన్నర తేడా.
ఆ మూరన్నర కాడ్నే అయిపోయింది.

ఇనుము కిలోల లెక్కన వేలం.
అమ్మ కడియాలు కుదువ పెట్టి
ఒక్క ముక్క కొన్నది.
సిద్రామప్ప తూకం తక్కువ రాసిండట.

మొన్న మేస్త్రీ వచ్చి,
పైన పీవోపీ కొడితే దూలం కనబడదు,
ఇల్లు కొత్తగుంటది అన్నడు.
అమ్మ ఆయనకు చాయ పోసింది.
పోయినంక నన్ను స్టూలెక్కుమన్నది.
"ఆ సందుల ఏమన్న ఇరికిందా చూడు."

ఇరికింది.
బల్లి గుడ్డు పెంకు, పల్లీ పొట్టంత తేలిక.
కింద పడకుండ పట్టుకొని
మెల్లగ దిగిన.