విసరకముందు

నేను చెయ్యెత్తగానే
బొగ్గు నేలకి అతుక్కుపోయింది.
చేతిలో ఉన్నది పాత తువ్వాలు.
గట్టిగా చుట్టి, తెగిన వలతాడుతో
మూడుచోట్ల ముడేశాను.
దానికి తువ్వాలు కనబడలేదు,
చెయ్యి కనబడింది.

పోర్టు గోడ వారన, గూడ్సు పట్టాల పక్కన
ఐదేళ్లో ఆరేళ్లో బతికిన ఆడకుక్క.
డాక్టరమ్మ పళ్లు చూసి వయసు చెప్పింది.
ఎడమ చెవి చూసి ఏమీ చెప్పలేదు.
ఒంటి నలుపులో సగం మూడు స్నానాలకి పోయింది,
పేరు మాత్రం ఉండిపోయింది.
ఇన్నేళ్లలో మనుషులు విసిరినవాటిలో
తిరిగి తెచ్చిమ్మని విసిరింది ఒక్కటీ లేదు.

కాబట్టి విసరడం మానేశాను.
లాసన్స్ బే ఇసకలో, నడకల జనం దిగకముందే,
తువ్వాలు మోకాలి పక్కన పెట్టుకుని
కెరటాల కేసి చూస్తూ కూచునేవాణ్ణి.
ముక్కు ఆనిస్తే ఒక ఎండు నెత్తల్లు.
పళ్లు ఆనిస్తే రెండు.
పదకొండు రోజులు ఇంతే.
"ఏటి మేస్టారూ, కుక్కకి ఓనమాలేటి?"
వల దులుపుతూ మైలపల్లి ఎల్లాజీ నవ్వేవాడు.
నేను మాస్టర్ని కాను. క్రేను నడుపుతాను.

పన్నెండోనాడు ఎత్తింది.
ఎత్తి, పరుగెత్తి,
బోర్లించిన పడవ కింద దూరింది.
నేనూ బోర్లా పడుకుని, కొస పట్టుకుని లాగాను.
అది గుర్రుమంది.
నేనూ ఇంచుమించు గుర్రుమన్నాను.
రాత్రి డ్యూటీలో ముప్పై టన్నుల పెట్టెని
గీత మీద గీతగా దింపొచ్చినవాణ్ణి,
దాని నోట్లోంచి పావుకిలో గుడ్డ
దింపించలేకపోయాను.

ఎల్లాజీ తల్లి అప్పలకొండ
గంపలో చేపలు సర్దుతూనే అంది:
"నాగితే ఎవులిత్తారు బాబూ?
ముందు నువ్వేటో ఎట్టు. అప్పుడడుగు."
అడక్కుండానే ఓ కవ్వలు తల
నా అరచేతిలో పడేసింది.

చెయ్యి చాపి కూచున్నాను.
ముందు కాకి వచ్చింది.
తర్వాత బొగ్గు వచ్చింది.
తువ్వాలు ఇసకలో పడింది, చేపతల మాయమైంది.
"ఇయ్యి" అన్నాను, ఆలస్యంగా,
అప్పటికే ఇచ్చేసినదాన్ని.

అక్కణ్నించి అంతా వెనకనించి నేర్చుకోవడమే:
ముందు ఇవ్వడం, తర్వాత తేవడం,
అన్నిటికన్నా చివర వెళ్లడం.
సగం దూరం తెచ్చి వదిలేసి
పనైపోయినట్టు తోకూపుకుంటూ వచ్చేది.
ఎదురెళితే ఆగిపోయేది.
వీపు తిప్పి నేను పరుగెడితే
నోట్లోది మరిచిపోయి వెంటపడేది,
మరిచిపోయిందే తెచ్చేసేది.
అందుకునేటప్పుడు చెయ్యి తల మీదుగా రాకూడదు,
గడ్డం కిందనించి, దోసిలిలా.

మొదటి విసురు విసురే కాదు,
గోళీ దొర్లించినట్టు నేల బారున.
మాఘంలో చెయ్యి మోకాలి దగ్గర ఉంది,
వైశాఖానికి నడుం దాటింది.
భుజం దాకా రావడానికి వానలు పడ్డాయి.

నిన్న పొద్దున్న
ఎవరో కుర్రాడు, ఊరికే,
పిడికెడంత రాయి మా కేసి గిరాటేశాడు.
బొగ్గు నేలకి అతుక్కుపోయింది,
ఆ మొదటి రోజులానే.
నా నోట్లో బూతు సగం దాకా వచ్చి ఆగింది,
ఎందుకంటే అది లేచింది.
వెళ్లి వాసన చూసింది.
ఓసారి జారవిడిచి, పళ్ల మధ్య మళ్లీ సర్దుకుని,
తిన్నగా తెచ్చి
నా అరచేతిలో పెట్టింది.

తడిగా, వెచ్చగా, బరువుగా ఉంది రాయి.
కుర్రాడు అక్కడే నిలబడిపోయాడు.
రెండో చేత్తో జేబులన్నీ తడుముకున్నాను,
నెత్తళ్లు అయిపోయాయి.
బొగ్గు కూచుని నా మొహంలోకి చూస్తోంది,
ఇయ్యి, అన్నట్టు.