తోట సెలవు

ఎనిమిదో నంబరు హెచ్చరిక ఎగరేశారు.
కోర్టులు మూశారు, ఫెర్రీలు కట్టేశారు,
నా ఫోన్ నోరు మాత్రం మూతపడలేదు.
సింగపూర్ నుంచి ఒకటే పోరు:
ఫండ్ల పని తెలిసినవాళ్లు, ఆరేళ్లు పైబడినవాళ్లు,
సోమవారం కల్లా.

పదకొండేళ్లుగా ఇదే నా వృత్తి,
లాయర్లను ఒక అద్దాల మేడ దించి
ఇంకో అద్దాల మేడ ఎక్కించడం.
క్వారీ బేలో పదహారో అంతస్తు, ఒక కిటికీ,
ఎక్కినవాళ్ల ఏడాది జీతంలో డాలరుకు పావలా నాకు.
మోకాలు సలిపితే మా మేనత్తకు వాన తెలిసినట్టు
ఏ ఊరికి ఏ ఏడు ఏం ఆకలో నాకు తెలిసిపోతుంది.

ఒకప్పుడు ఈ ఊరు అడిగేది, మాండరిన్ వచ్చా?
అది వస్తే చాలు, నిద్ర రాకపోయినా పర్లేదు.
ఇప్పుడు టోక్యో అడుగుతోంది,
నడిసముద్రంలో గాలిమరలు పాతడానికి
రెండు భాషల్లో ఒప్పందం రాసే మనిషి ఉన్నారా అని.
సిడ్నీకి అప్పులిచ్చేవాళ్ల తరఫున ఒకరు కావాలి,
సాయంత్రం అయిదుకే పిల్లల్ని ఈతకు తీసుకెళ్లినా ఏమీ అనదు,
జీతం దగ్గరే కాస్త నసుగుతుంది.
సియోల్ తలుపు ఓరగా తీసి, చెప్పులు చూసి, వేసేస్తుంది.
ఏ ఎండకా గొడుగు పట్టడం నేర్చిన ఊళ్లోనే
ఇవాళ గొడుగులన్నీ వెనక్కి విరిగి
రోడ్డు మీద దొర్లుతున్నాయి.

ఈ గాలికి నా ఆఫీసులో చిక్కుకుపోయిన మనిషి
మాక్ హోయ్-కీ.
తొమ్మిదేళ్లు కంపెనీలను షేర్ మార్కెట్ గడప దాటించింది.
సెంట్రల్‌లో ప్రాస్పెక్టస్‌లు అచ్చువేసే చోట
రాత్రి రెండింటికి కూడా వేడి వేడి కాంజీ పెట్టేవాళ్లట,
స్నూకర్ బల్ల ఉండేదట, దాని కిందే నిద్రపోయేదట,
మూడువందల నలభయ్యో పేజీలో
ఒక సున్నా ఎక్కువ పడిందని లేపేవాళ్లట.
పెళ్లి భోజనాలు తలుచుకున్నట్టు చెప్పింది.

తర్వాత కంపెనీలు రావడం మానేశాయి.
కాంజీ చల్లారింది.
మే నెలలో ఒక శుక్రవారం
ఆమె చేతికీ ఒక కాగితం ఇచ్చారు.
రెండో పేరాలో కామా తప్పు, ఆరో పేరాలో తేదీ తప్పు.
ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగిచ్చిందట.
మళ్లీ టైపు చేసి తెచ్చేదాకా
తన కుర్చీలోనే కూర్చుందట.

మూడు నెలలు జీతం వస్తుంది, పనికి రాకూడదు,
పోటీవాళ్ల గడప తొక్కకూడదు.
దాన్ని గార్డెన్ లీవ్ అంటారు, తోట సెలవు.
ఈ ఊళ్లో లాయర్లకు తోటలెక్కడివి?
ఏసీ పెట్టె మీద కలబంద కుండీ ఉంటే అదే ఎస్టేటు.

హోయ్-కీ మాత్రం మాటను మాటగానే చదివే మనిషి.
ఫెర్రీ ఎక్కి లామా దీవికి పోయి
కుమ్ అనే ముసలావిడ దగ్గర
పది అడుగుల మడి అద్దెకు తీసుకుంది.
నాలుగు పేజీల కౌలు పత్రం రాసుకెళ్లిందట,
వరదొస్తే ఎవరిది నష్టం, నత్తలు తింటే ఎవరిది.
ముసలావిడ శ్రద్ధగా అంతా విని
ఆ కాగితాల్లోనే చోయ్ సమ్ కట్ట చుట్టి ఇచ్చిందట.

సింగపూర్ కొలువు ఆమె ముందు పెట్టాను,
జీతం పైన, బోనస్ కింద, నా పావలా ఎక్కడా కనపడకుండా.
ఆమె చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.
"ఇక్కడ తోట సెలవు ఎన్ని నెలలు?"
ఒకటే, అన్నాను.
"ఆరు అడగండి."

పదకొండేళ్లలో ఎవరూ
చేరకముందే వెళ్లిపోవడం గురించి బేరమాడలేదు.
సింగపూర్‌కి ఏమని చెప్పను?
ఈమె నమ్మకం లేని మనిషా,
అందరికన్నా నమ్మదగిన మనిషా?

కిటికీ అద్దం ఒక్కసారిగా ఊగింది.
ఆమె అటు చూసి,
"కాకర పందిరి నిన్ననే కట్టాను" అంది.

సాయంత్రానికి హెచ్చరిక మూడుకి దించారు.
మొదటి ఫెర్రీ ఏడున్నరకట.
బూట్లు చేత పట్టుకుని మెట్ల మీదుగా పరుగెత్తింది.

బల్ల మీద నా దరఖాస్తు ఫారం, సంతకం లేదు.
ఫోన్‌లో సింగపూర్. ఆగమన్నాను.
ఇన్నేళ్లుగా వందల మందికి ఇచ్చిన ఆ ఫారంలో
మూడో లైను దగ్గర
ఎర్రగా, చిన్నగా,
ఒక కామా