ఉప్పు ఎవరిది

కాట్రేనికోన దాటాక, మురుగుకాలువ గట్టు మీద
ముగ్గురం నిలబడ్డాం.
ఎవరి సీసా వాళ్లది. నీళ్లు ఒక్కటే.

"నేల కుంగుతోంది" అన్నారు గోపాలరాజు గారు.
ఆయన లెక్క లక్షేళ్ల కిందట మొదలవుతుంది,
మిగతా చదువులన్నీ ఆయనకి పిల్లకాలువలు.
"రొయ్యల చెరువులు" అంది సుకృత,
మట్టిని వేళ్ల మధ్య నలుపుతూ,
మా మాటల్ని నలిపినట్టే.
నేను చేపల శాస్త్రంవాణ్ణి.
చెరువు మీద మాట పడితే నా మీద పడ్డట్టే.
"సముద్రం పోటు" అన్నాను, గొంతు పెంచి.
పోటు వచ్చి ఎదురు చెప్పదు కదా.

పెసంగి సత్తెమ్మ దాళ్వా మడిలో
ఆకు కొసలు మాడిపోయాయి.
బ్యాంకులో చూపించడానికి ఒక్క కాగితం అడిగింది.
మూడిచ్చాం.
మేనేజరు అటూ ఇటూ తిప్పి
"ముందు మీలో మీరు తేల్చుకోండి" అన్నాడట,
ఆవిడేదో మాతో పొత్తు సేద్యం చేసినట్టు.

చివరికి అమలాపురంలో కూర్చున్నాం,
అందరం కలిసి ఒకే నివేదిక రాద్దామని.
ఉప్పు గురించి పావుగంట.
పొద్దుగూకేదాకా, ఎవరి పేరు ముందు అని.
అక్షరక్రమం అన్నారు రాజుగారు; 'గ' ఆయనకి కలిసొచ్చింది.
అయితే ఇంటిపేర్లతో అంది అద్దేపల్లి సుకృత.
పడవ అద్దె నేనిచ్చానన్నాను.
నిజంగా అన్నాను.

సత్తెమ్మ ఆ మడి కౌలుకిచ్చేసింది,
రొయ్యలకే.

సీసాలు ఇంకా నా బల్ల మీదున్నాయి.
నీళ్లు ఎండి అడుగున తెల్లటి పొర.
చీటీలు ఊడిపోయాయి,
ఏది ఎవరిదో చెప్పలేను.

మొదటిది నాదే అనుకుంటాను.